నల్లా నీళ్లు, సంపు నీళ్లు, బోరు నీళ్లు: ఏ ఇంటికి ఏ ఫిల్టర్?

మీ ఇంటి మనిషిని డిశ్చార్జి చేసేటప్పుడు ఇచ్చే చీటీలో మందుల పేర్లన్నీ అయిపోయాక, చివరి వరుసలో "కాచి చల్లార్చిన నీరు ఇవ్వాలి" అని రాసి ఉంటుంది. మందుల గురించి మీరు చాలా ప్రశ్నలు అడుగుతారు. తిన్నాక వేయాలా, తినకముందు వేయాలా, పాలతో ఇవ్వవచ్చా అని. ఈ చివరి వరుస గురించి అడిగేవారు తక్కువ. అడిగినవారిలో ఎక్కువమంది అడిగేది ఒక్కటే: "సిస్టర్, మా ఇంట్లో ఫిల్టర్ ఉంది కదా, ఇంకా కాచడం ఎందుకు?" ఫిల్టర్ లేనివారు "ఏ కంపెనీది కొనమంటారు?" అని అడుగుతారు.

రెండు ప్రశ్నలకూ మేము వెంటనే జవాబు చెప్పలేము. ముందు మీరు మాకు ఒక మాట చెప్పాలి. మీ ఇంట్లో తాగేవి ఏ నీళ్లు? వాటర్‌బోర్డు నల్లా నీళ్లా, అపార్ట్‌మెంటు బోరు నీళ్లా, ట్యాంకరువా, లేక ఇవన్నీ ఒకే సంపులో కలిసినవా? హైదరాబాదులో చాలామందికి ఈ సంగతి ఖచ్చితంగా తెలియదు. వాచ్‌మన్‌ను అడిగితే తెలుస్తుంది. అది తెలియకుండా ఫిల్టర్ కొనడమంటే జబ్బేమిటో తెలియకుండా మందుల షాపులో మందు కొన్నట్టే.

టైఫాయిడ్ తగ్గి ఇంటికి వెళ్లిన ఒక కుర్రవాడు నెల తిరక్కుండా వాంతులు, విరేచనాలతో మళ్లీ వార్డుకు వచ్చాడు. తల్లి ఎంతో బాధపడింది. "పదిహేను వేలు పెట్టి ఆర్.ఓ. పెట్టించాము, బయట చుక్క నీరు తాగనివ్వలేదు" అన్నది. ఆ ఇంటి సంగతులు నెమ్మదిగా అడిగితే ఒక్కొక్కటే బయటపడ్డాయి. తాగే నీరు ఆర్.ఓ.దే. కాని కొబ్బరి పచ్చడి రుబ్బేది వంటింటి కుళాయి నీటితో. కొత్తిమీర, దోసకాయ కడిగేది ఆ కుళాయి కిందే. పిల్లవాడు పళ్లు తోముకుని పుక్కిలించేది బాత్‌రూమ్ నీటితో. ఆ కుళాయిలన్నిటికీ నీరు వచ్చే సంపును కడిగి ఎంతకాలమైందో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఆర్.ఓ. తన పని తాను చేసింది. జబ్బు వేరే దారిలో వచ్చి ఉండవచ్చు. ఆ తల్లి తప్పు చేసిందని మేము అనడం లేదు, ఆమెకు ఎవరూ ఈ సంగతి చెప్పలేదు. అందుకే ఈ నాలుగు పేజీలు.

మన నల్లా నీరు ఎక్కడిది?

1908లో మూసీకి వచ్చిన పెద్ద వరద తరువాత నగరాన్ని కాపాడడానికి రెండు చెరువులు కట్టించారు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. మనం గండిపేట నీళ్లని చెప్పుకునేవి ఉస్మాన్ సాగర్ నీళ్లే. ఊరు పెరిగేకొద్దీ అవి చాలలేదు. 1960లలో మంజీర నీరు వచ్చింది, తరువాత సింగూరు నీరు తోడైంది. 2004 నుండి నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణా నీరు, 2015 చివరినుండి ఎల్లంపల్లి దగ్గరి గోదావరి నీరు వస్తున్నాయి. వందకు పైగా కిలోమీటర్ల దూరంనుంచి ఎత్తిపోసి తెస్తున్న నీరిది.

ఈ నీటిని శుద్ధి కేంద్రంలో పటికతో తేరుస్తారు, ఇసుక పొరలగుండా వడకడతారు, ఆ తరువాత క్లోరిన్ కలుపుతారు. నదుల నుంచి వచ్చిన నీటిలో కరిగిన లవణాలు సాధారణంగా తక్కువే ఉంటాయి. శుద్ధి కేంద్రం దాటేటప్పుడు ఆ నీరు తాగడానికి తగినదే. నల్లా నీటిలో కొద్దిగా క్లోరిన్ వాసన వస్తే చాలామంది ముఖం చిట్లిస్తారు. నిజానికి మీ ఇంటి నల్లా దగ్గరకు వచ్చేసరికి కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన భారతీయ ప్రమాణం చెబుతోంది. ఆ వాసన దారి పొడుగునా నీటికి కాపలా కాసి వచ్చినదని అనుకోండి. ఏ వాసనా లేకపోవడమే కొన్నిసార్లు అనుమానించవలసిన విషయం.

దారిలో ఏమి జరుగుతుంది?

నీరు పాడయ్యేది ఎక్కువగా ఈ చివరి మైళ్లలోనే. మన నగరంలో నల్లా ఇరవై నాలుగు గంటలూ రాదు. చాలా బస్తీలలో రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో వస్తుంది. నీరు వదిలినంతసేపు పైపు లోపల ఒత్తిడి ఉంటుంది కనుక, ఎక్కడైనా చిల్లు ఉంటే నీరు బయటికి కారుతుంది. సరఫరా ఆపగానే పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు అదే చిల్లు చుట్టుపక్కల తడిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ పక్కనే డ్రైనేజీ పైపు కారుతుంటే పీల్చుకునేది ఆ మురుగునే. మళ్లీ నీరు వదిలినప్పుడు మొట్టమొదట మీ బిందెలోకి వచ్చేది ఆ నీరు.

కొందరు ఇళ్లలో నల్లా పైపుకే నేరుగా మోటారు బిగిస్తారు. పక్కింటివారికి నీరు రాకుండా పోవడం ఒక్కటే కాదు, ఆ మోటారు పీల్పుకు వీధి పైపులోకి మురుగు మరింత సులువుగా చేరుతుంది. అది చట్టవిరుద్ధమని అందరికీ తెలుసు. తమ ఇంటి నీటినే అది పాడు చేస్తుందని మాత్రం చాలామందికి తెలియదు.

2009 మే నెలలో ముషీరాబాద్ పక్కనున్న భోలక్‌పూర్‌లో ఏమి జరిగిందో పాత నగరవాసులు మరచిపోలేదు. నల్లాలో కలుషితమైన నీరు రావడంతో వందలాదిమంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రులలో చేరారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ బస్తీకి వచ్చేదీ శుద్ధి చేసి పంపిన నీరే.

ఇలా కలిసిన మురుగు వల్ల వచ్చే జబ్బులు మన వార్డులలో ప్రతి వానాకాలమూ చూస్తాము. టైఫాయిడ్, కలరా, జిగట విరేచనాలు, అమీబా, జియార్డియా, ఇంకా హెపటైటిస్ ఎ, ఇ అనే రెండు రకాల పచ్చకామెర్లు. వీటిలో హెపటైటిస్ ఇ గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మిగతావారిలో ఇది చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. గర్భిణీకి చివరి మూడు నెలలలో వస్తే మాత్రం తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. ఆ దశలో ఈ జబ్బు సోకిన తల్లులలో నూటికి 20 నుంచి 25 మంది వరకు చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో నెలలు నిండుతున్న కోడలో కూతురో ఉంటే, ఫిల్టర్ ఉన్నా లేకపోయినా ఆమెకు మరిగించిన నీరే ఇవ్వండి.

బోరు నీటి సంగతి వేరు

భూమి లోతులనుంచి వచ్చే బోరు నీటిలో క్రిములు నల్లా నీటికంటే తక్కువ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. పక్కన సెప్టిక్ ట్యాంకు ఉంటే అక్కడా అదే భయం. అయితే బోరు నీటికి ఇంకొక సమస్య ఉంది. మనది రాతి నేల. ఆ రాతి పొరలలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో సున్నం, మెగ్నీషియం, ఉప్పు, ఫ్లోరైడ్ వంటివి కరుగుతాయి. సబ్బు నురగ రాకపోవడం, కందిపప్పు ఉడకకపోవడం, బకెట్టు చుట్టూ తెల్లటి గార కట్టడం మీరు చూస్తూనే ఉంటారు. ఈ గార వల్ల హీటరు పాడవుతుందేమో కాని మనిషికి పెద్ద ప్రమాదం లేదు.

ప్రమాదమంతా కంటికి, నాలుకకు తెలియని వాటితో. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు. అది దాటిన నీటిని చిన్నతనం నుంచి ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, మరీ ఎక్కువైతే ఎముకలు వంగి కీళ్లు బిగుసుకుంటాయి. నల్గొండ జిల్లా పల్లెల కష్టం మనకు తెలిసినదే. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి 1937లో వైద్య పత్రికలో రాసినది కూడా మన తెలుగు నేలమీదే, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఇక నైట్రేట్. ఎరువులనుంచి, సెప్టిక్ ట్యాంకులనుంచి భూగర్భజలంలోకి దిగుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే, ఆ నీటితో పాలపొడి కలిపి పట్టే పసిబిడ్డలకు ఒళ్లు నీలం తిరిగే జబ్బు రావచ్చు. (ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు ఒక్కటే ఇస్తే చుక్క నీరు కూడా అవసరం లేదు. మండువేసవిలో కూడా. అమ్మమ్మలు ఒప్పుకోరు, కాని ఇది నిజం.)

ఒక ముఖ్యమైన విషయం గుర్తుంచుకోండి. ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పు కాచితే పోవు. నీరు కొంత ఆవిరైపోతుంది కనుక మిగిలిన నీటిలో అవి ఇంకా కొంచెం చిక్కబడతాయి. అంటే నల్లా నీటికి ఉన్న జబ్బుకు మందు కాచడం. బోరు నీటికి ఉన్న జబ్బుకు అది మందు కాదు. ఫిల్టర్ల కథ అంతా ఈ తేడామీదే నడుస్తుంది.

పటాన్‌చెరు, జీడిమెట్ల వంటి పరిశ్రమల ప్రాంతాలలో బోరు నీటి గురించి మా సలహా చిన్నది. తాగవద్దు. రసాయనాలు కలిసిన నీటిని ఇంటి ఫిల్టర్ బాగు చేస్తుందని నమ్మడానికి లేదు.

అమ్మకానికి వచ్చే అబ్బాయి చేసే పరీక్ష

ఇంటికి వచ్చి ఫిల్టర్లు అమ్మేవారిలో కొందరు ఒక పరీక్ష చేసి చూపిస్తారు. మీలో చాలామంది చూసే ఉంటారు. రెండు గ్లాసులు పెడతాడు. ఒకదానిలో మీ నల్లా నీరు, రెండవదానిలో అతని ఫిల్టర్ నీరు. కరెంటు ప్లగ్గుకు తగిలించిన ఊచలు ముంచుతాడు. నిమిషంలో మీ నీరు గోధుమరంగుకు, నల్లగా, పచ్చగా తిరిగి తెట్టు కడుతుంది. అతని నీరు తేటగా ఉంటుంది. "ఇదమ్మా మీ పిల్లలు రోజూ తాగుతున్నది" అంటాడు. ఆ మాటతో ఎవరి గుండె ఆగుతుంది? అప్పు చేసి అయినా కొనేస్తారు.

ఆ రంగు మీ నీటిలోది కాదు, ఆ ఊచలోది. నీటిలో లవణాలు ఉంటే కరెంటు పారుతుంది. కరెంటు పారితే ఇనుప ఊచ కరిగి తుప్పుగా మారుతుంది. ఆర్.ఓ. నీటిలో లవణాలు దాదాపు లేవు కనుక కరెంటు పారదు, ఊచ కరగదు. ఈసారి వస్తే, అతని తేట నీటిలో చిటికెడు వంట ఉప్పు వేసి అదే పరీక్ష మళ్లీ చేయమనండి. అది కూడా గోధుమరంగు తిరుగుతుంది.

పెన్నులాంటి టీడీఎస్ మీటరు సంగతి కూడా చెప్పుకోవాలి. టీడీఎస్ అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం. అది 500 లోపు ఉంటే మంచిది, వేరే నీరు దొరకకపోతే 2000 వరకు సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణం. మీటరు అబద్ధం చెప్పదు. కాని అది క్రిములను లెక్కపెట్టదు. ఆర్.ఓ. నీటిలో టైఫాయిడ్ క్రిములు కలిపినా మీటరులో అంకె కదలదు. ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు. కాబట్టి "మీటరు 60 చూపించింది, మా నీళ్లు స్వచ్ఛం" అనుకోవద్దు. ఆర్.ఓ. అవసరమా కాదా అని నిర్ణయించుకోవడానికి మాత్రం అది బాగా పనికి వస్తుంది.

ఏ ఫిల్టర్ ఏమి చేస్తుంది?

స్టీలు డబ్బాలో క్యాండిల్ పెట్టిన పాత ఫిల్టర్ మట్టిని, నలకలను, అమీబా గుడ్లను, చాలావరకు బ్యాక్టీరియాను ఆపుతుంది. కామెర్ల వైరస్ చాలా చిన్నది, దానిని ఆపుతుందని నమ్మడానికి లేదు. క్యాండిల్‌కు సన్నని పగులు వస్తే ఇక అది ఉన్నా లేనట్టే. వారానికొకసారి మెత్తని బ్రష్షుతో, సబ్బు లేకుండా కడగాలి. తక్కువ ఖర్చుతో కావాలంటే ఇది, దాని వెనుక కాచడం. మా దృష్టిలో ఇప్పటికీ నల్లా నీటికి ఇది మంచి జోడీ.

కార్బన్, అంటే బొగ్గు ఫిల్టర్, క్లోరిన్ వాసనను, రుచిని, కొన్ని రసాయనాలను తీసేస్తుంది. క్రిములను చంపదు. పైగా కాపలా ఉన్న క్లోరిన్‌ను తీసేస్తుంది కనుక, మార్చకుండా వదిలేస్తే ఆ బొగ్గులోనే క్రిములు కాపురం పెడతాయి. ఊరికి వెళ్లి పది రోజుల తరువాత వస్తే, మొదటి రెండు మూడు బిందెలు మొక్కలకు పోయండి.

యు.వి. ఫిల్టర్‌లో అతినీలలోహిత కాంతి క్రిములను చంపుతుంది. బ్యాక్టీరియా, వైరస్ రెండింటికీ పనిచేస్తుంది. రెండు షరతులు. నీరు తేటగా ఉండాలి, బురదగా ఉంటే నలకల చాటున క్రిములు దాక్కుంటాయి. కరెంటు ఉండాలి. బల్బు నీలంగా వెలుగుతున్నంత మాత్రాన పని చేస్తున్నట్టు కాదు, వెలుగు ఉండగానే దాని శక్తి తగ్గిపోతుంది. కంపెనీ చెప్పిన గడువుకు మార్చవలసిందే. ఇది లవణాలను, ఫ్లోరైడ్‌ను తాకదు. యు.ఎఫ్. అనేదానిలో సన్నని పొరగుండా నీటిని వడకడతారు. కరెంటు లేకుండా కూడా నడుస్తుంది, బ్యాక్టీరియాను ఆపుతుంది, వైరస్ విషయంలో యు.వి. అంత నమ్మకం లేదు. రెండూ కలిపి ఉన్న మిషన్లు దొరుకుతాయి. శుద్ధమైన నల్లా నీరు వచ్చే ఇంటికి అది చాలు.

ఇక ఆర్.ఓ. ఉప్పును, ఫ్లోరైడ్‌ను, నైట్రేట్‌ను, సీసం, ఆర్సెనిక్ వంటి వాటిని కూడా తీసేది ఇళ్లలో వాడే వాటిలో ముఖ్యంగా ఇదే. బోరు నీరు తాగక తప్పని ఇంట్లో, టీడీఎస్ చాలా ఎక్కువ ఉన్నా, పరీక్షలో ఫ్లోరైడ్ ఎక్కువని తేలినా ఇది కొనండి, మారు ఆలోచించవద్దు. కృష్ణా, గోదావరి, మంజీర నీరు మాత్రమే వచ్చే ఇంట్లో అవసరం లేదు. లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు, కొన్ని మిషన్లలో ఇంకా ఎక్కువ, మోరీలోకి వదులుతుంది. అంత దూరంనుంచి తెచ్చిన నదీజలాన్ని అలా పారబోయడం చూస్తే మనసు ఒప్పదు. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్.ఓ. వాడకాన్ని నిలిపివేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ప్రభుత్వానికి చెప్పింది, ఆ వ్యవహారం తరువాత సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇప్పటికే మీ ఇంట్లో ఆర్.ఓ. ఉంటే తీసి పారేయనక్కర లేదు. వదిలే నీటిని బకెట్టులో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్‌కు వాడండి.

నల్లా, బోరు రెండూ ఒకే సంపులో కలిసే అపార్ట్‌మెంట్లలో మీటరు అంకె రోజుకొకలా ఉంటుంది. అటువంటి చోట వేసవిలో, అంటే బోరు వాటా ఎక్కువ ఉన్న రోజులలో, చూసి నిర్ణయించుకోండి. వీలైతే నల్లా నీటికి వేరే చిన్న ట్యాంకు పెట్టించమని అసోసియేషన్‌లో అడగండి. ఇంటింటికీ ఆర్.ఓ. కొనడం కంటే అది చౌక.

ఒక్కసారి పరీక్ష చేయించడం అన్నిటికంటే మంచిది. నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ, అందరూ ఐ.పి.ఎం. అంటారు, నీటిని పరీక్షిస్తుంది. క్రిముల పరీక్షకు సీసా ల్యాబునుంచే తీసుకోవాలి, ఇంటి సీసాలో తెస్తే ఆ సీసా క్రిములే రిపోర్టులో కనిపిస్తాయి. వంద మిల్లీలీటర్ల నీటిలో ఇ.కోలి అనే క్రిమి ఒక్కటి కూడా ఉండకూడదు. ఉన్నదంటే మలం కలిసినట్టే.

20 లీటర్ల క్యాన్ల గురించి కూడా చాలామంది అడుగుతారు. ఆ నీరు ఆర్.ఓ.దే కావచ్చు, కాని ఆ క్యాను ఎన్ని ఇళ్లు తిరిగిందో, ఎలా కడిగారో మనకు తెలియదు. సీలు లేని క్యాను నీటిని జబ్బు మనిషికి కాచి ఇవ్వండి.

కాచడమంటే ఏమిటి?

"కాచిన నీళ్లే ఇస్తున్నాము" అన్నవారి దగ్గర గ్లాసు ముట్టుకుని చూస్తే కొన్నిసార్లు అవి గోరువెచ్చని నీళ్లు. వేడి చేయడం వేరు, మరిగించడం వేరు. నీరు కుతకుతమని పెద్ద బుడగలతో ఉడకాలి. అలా ఒక నిమిషం ఉడికితే చాలు, పావుగంట గ్యాసు తగలేయనవసరం లేదు. మూత పెట్టి, అదే గిన్నెలో చల్లారనివ్వండి. తొందరగా చల్లారాలని చెంబెడు పచ్చినీరు కలిపేవారిని చూశాము. అలా చేస్తే కాచినదంతా వృథా. చల్లారిన నీటిని కుండలో పోసి చేతితో గ్లాసు ముంచినా అంతే. మూత, కుళాయి ఉన్న పాత్ర కానీ, పొడుగు కాడ గరిటె కానీ వాడండి.

కొందరు రోగులకు ఫిల్టర్ ఎంత ఖరీదైనదైనా దానిమీదే ఆధారపడవద్దు. క్యాన్సర్ మందులు వాడుతూ తెల్లరక్తకణాలు తగ్గినవారు, మూత్రపిండం మార్పిడి అయినవారు, ముక్కుగొట్టం ద్వారా ఆహారం తీసుకునేవారు, పసిబిడ్డలు, గర్భిణీలు. వీరికి ఫిల్టర్ నీటినే మరిగించి చల్లార్చి ఇవ్వండి. గొట్టాన్ని కడగడానికి కూడా అదే నీరు. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టును దానిపై రాసినంత నీటిలో, సాధారణంగా లీటరు, కాచి చల్లార్చి కలపాలి. కలిపిన తరువాత మళ్లీ కాచకూడదు, 24 గంటలు దాటితే పారబోయాలి. మూత్రపిండాల జబ్బు ఉండి రోజుకు ఇంతే నీరు తాగాలని డాక్టరుగారు చెప్పినవారు, నీరు ఎంత మంచిదైనా ఆ కొలత దాటకూడదు.

సంపు దగ్గరకు ఒకసారి వెళ్లి చూడండి

ఎక్కువమంది ఇళ్లలో ఫిల్టర్ కంటే ముందు ఖర్చు పెట్టవలసినది సంపుమీద. మూత నేలకు సమంగా ఉంటే వానకు వాకిలి నీరంతా అందులోకే. మూత అంచు జానెడు ఎత్తు లేపించండి. పక్కనే మ్యాన్‌హోల్ ఉంటే గోడ లోపల పగుళ్లు చూపించుకోండి. మూడు నెలలకొకసారి, వానాకాలానికి ముందు తప్పకుండా, ఖాళీ చేయించి కడిగించండి. సంపులోకి దిగే మనిషిని ఒంటరిగా దింపవద్దు, మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వండి. నింపిన తరువాత వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరును, అంటే అర చెంచా అనుకోండి, బకెట్టు నీటిలో కలిపి తేరనిచ్చి, పైతేట మాత్రమే పోసి అరగంట ఆగాలి. చేతికి అందినంత వేసేస్తే కళ్లు మండుతాయి తప్ప లాభం లేదు.

మళ్లీ నల్లా వచ్చే రోజున ఈ పని చేయండి. మొదటి పది నిమిషాల నీటిని సంపులోకి వదలకుండా వాకిట్లోకో, మొక్కలకో పోనివ్వండి. తరువాత ఒక గాజు గ్లాసులో పట్టి వెలుతురులో చూడండి, వాసన చూడండి. మబ్బుగా ఉన్నా, మురుగు వాసన వచ్చినా ఆ రోజు సంపు నింపవద్దు. వాటర్‌బోర్డు ఫిర్యాదు నంబరు 155313కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. పక్కింటివారిని కూడా చేయమనండి, ఒక్క ఫోనుకంటే పది ఫోన్లకు లైన్‌మన్ త్వరగా వస్తాడు. వచ్చినప్పుడు క్లోరిన్ పరీక్ష చేసి చూపించమని అడగండి. చిన్న గొట్టంలో నీరు పట్టి చుక్కల మందు వేస్తాడు. రంగు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు. తిరగకపోతే, లైను బాగు చేసేవరకు ఇంట్లో తాగేదీ, పచ్చడిలో పోసేదీ, పళ్లు తోముకునేదీ అంతా మరిగించిన నీరే.